ఏ వరసతో వెళ్ళాలి

ప్రయాణం మాట మొదట ఎత్తింది మేస్త్రే. ఆ సంగతి తర్వాత్తర్వాత అతనికి చాలాసార్లు గుర్తొచ్చింది. ఇంకెవరైనా ఎత్తి ఉంటే కనీసం వాళ్ళ మీద విసుక్కునే వీలైనా ఉండేది.

అతనిది సోఫాలు కుట్టే పని. కుంగిపోయిన సీట్లకు కొత్త స్పంజి వెయ్యడం, చిరిగిన గుడ్డ ఊడదీసి కొత్తది బిగించడం, పిల్లులు గీకిన చేతులకు రెగ్జిన్ తొడగడం. బస్సులు తిరిగే వీధిలో చిన్న షాపు, దాని వెనకాల ఎప్పుడూ నూలుపోగులు ఎగురుతుండే షెడ్డు, చేతికింద ఇద్దరు పనివాళ్ళు. వీధి వీధంతా అతన్ని మేస్త్రీ అనే పిలిచేది. నలభై దగ్గర పడేదాకా పెళ్ళి మాట తలపెట్టలేదు. ఒకరోజు రక్తపరీక్షల ల్యాబుకు వెళ్ళి, సూదంటే భయంతో కళ్ళు గట్టిగా మూసుకుంటే, "అయిపోయింది, ఇంక తెరవండి" అని రక్తం తీసినావిడ గొంతు వినబడింది. తెరిచాక మళ్ళీ మూయబుద్ధి కాలేదని పనివాళ్ళతో చెప్పుకుని నవ్వేవాడు.

ఆమెకు అప్పటికే ఇద్దరు పిల్లలు. మొదటి భర్త సముద్రం అవతలి దేశంవాడు. రేవులో క్రేన్లు బిగించే పని మీద వచ్చి, ఆమెను ఇష్టపడి పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. చిన్నది బుజ్జి కడుపులో ఉండగా జ్వరం వచ్చి, నాలుగు రోజులు తిరక్కుండానే పోయాడు. పెద్దవాడికి తండ్రి గుర్తున్నాడు. బుజ్జికి ఊహ తెలిసేసరికి ఇంట్లో ఉన్న మగమనిషి మేస్త్రి. అంచేత అది నాన్నా అంటూ అతని భుజాలెక్కి ఊరేగేది. పెద్దవాడు మాత్రం ఏమనీ పిలిచేవాడు కాదు. పిలవాల్సిన అవసరం రాకుండా పని జరుపుకునేవాడు. అన్నానికి పిలవమని తల్లి పంపితే గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకునేవాడు. వాడికి తండ్రి జ్ఞాపకం కదా, కాలమే నేర్పుతుందిలే అని మేస్త్రి సరిపెట్టుకున్నాడు. ఈ పెళ్ళయ్యి నాలుగేళ్ళు దాటింది.

పిల్లల నాయనమ్మ వారం వారం వీడియో కాల్ చేసేది. ఆ ఫోను మోగగానే మేస్త్రి లేచి చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవాడు. వెళ్ళమని ఎవరూ అనలేదు. కొడుకును పోగొట్టుకున్న తల్లి, ఆ కొడుకు ఇంట్లో ఇంకొకడు కనబడితే ఆవిడ ప్రాణం ఎలా ఉంటుంది అనుకునేవాడు. తనది మంచితనమే అనుకున్నాడు గానీ, ఆ మంచితనం ఇంకొకరికి ఎంత అనుకూలంగా ఉందో అతనికి తట్టలేదు.

ఆ వేసవిలో నాయనమ్మ కళ్ళకు పొర కమ్ముతోందని తెలిసింది. ఆపరేషన్ చేసినా చూపు నిలుస్తుందో లేదో డాక్టర్లు గట్టిగా చెప్పలేదట. భార్య ఆ మాట చెబుతూ చెబుతూ గిన్నె తోమడం ఆపేసింది.

"పిల్లల్ని తీసుకెళ్దాం," అన్నాడు మేస్త్రి. "ఆవిడ కళ్ళు కనబడుతుండగానే చూసుకోవాలి కదా. బుజ్జిని ఒక్కసారైనా ఎత్తుకోలేదు పాపం."

ఆమె వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూసింది. సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సంతోషమే కాబోలనుకున్నాడు.

ఇక ఇల్లంతా ప్రయాణమే అయింది. మేస్త్రికి ఏ పని మొదలెట్టినా అంతు చూసేదాకా నిద్రపట్టదు. విమానం సీట్లు చూశాడు, టికెట్లు తీశాడు, పిల్లలకు పాస్‌పోర్టు ఫోటోలు తీయించాడు. ఫోటోలో బుజ్జి నవ్వకూడదన్నారని అది స్టూడియోలో పడీ పడీ నవ్వింది. అక్కడి ఆడపిల్లలు కాళ్ళూ చేతులూ నిండా కప్పుకునే బట్టలే వేసుకుంటారని భార్య చెబితే, షాపులోని మిషను మీద తనే దానికి పొడుగు గౌన్లు కుట్టాడు. సోఫా గుడ్డలు కుట్టే మిషనాయె, కుట్లు ఒక్కొక్కటీ చీమంత ఉన్నాయి.

"నన్ను సోఫా అనుకుని ఎవరైనా కూర్చుంటారు," అంది బుజ్జి అద్దంలో చూసుకుని.

అక్కడి ఇళ్ళల్లో మగవాళ్ళ గది వేరు, ఆడవాళ్ళ గది వేరు. పెద్దవాళ్ళు నిలబడి ఉంటే పిల్లలు కూర్చోకూడదు. అరికాళ్ళు ఎదుటివాళ్ళకు కనబడేలా కాళ్ళు చాపకూడదు. అందరూ ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారు, తన ముందున్నదే తినాలి గానీ పక్కవాడి వైపు చెయ్యి చాపకూడదు. ఈ చివరిది నేర్పడానికి మేస్త్రి ఒకరోజు పెద్ద పళ్ళెం నేల మీద పెట్టి అందరినీ చుట్టూ కూర్చోబెట్టాడు. బుజ్జి చెయ్యి మాటిమాటికీ అన్న వైపు పోతుంటే, పెద్దవాడు దాని వేళ్ళు పట్టుకుని వెనక్కి పెట్టేవాడు. ఆ పూట అందరూ తిన్నదానికంటే నవ్విందే ఎక్కువ. భార్య కూడా నవ్వింది గానీ మధ్యలో లేచి మంచినీళ్ళకని వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు.

భాష సంగతీ వదల్లేదు మేస్త్రి. భార్యకు మొదటి భర్త దగ్గర నేర్చుకున్న మాట బాగానే వచ్చు. పెద్దవాడికి తండ్రి నేర్పిందీ ఫోనులో వింటూ పెంచుకున్నదీ కలిపి ధారాళంగా వచ్చు. తనకూ బుజ్జికీ మాత్రం ముక్క రాదు. పక్క సందులో ఒక పెద్దాయన ఉండేవాడు. ఓడల్లో వంట చేస్తూ ఆ రేవుల్లో సగం జీవితం గడిపినవాడు. పిల్లలు ఆయన్ని ఓడ తాతయ్య అనేవారు. ఆదివారాలు పొద్దున్నే వచ్చి రెండు గ్లాసుల టీ తాగి నాలుగు మాటలు నేర్పిపోయేవాడు. మేస్త్రి నోట్లో ఆ మాటలు తిరిగేవి కావు. 'మీరు బాగున్నారా' అనబోతే 'మీరు ఉడికారా' అని వస్తోందని తాతయ్య పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఒక ఆదివారం తాతయ్య అన్నాడు, "ఇవాళ మీ ఇంట్లోవాళ్ళని మీ నాయనమ్మకి పరిచయం చెయ్యాలి. ఏదీ, బుజ్జమ్మా, నువ్వు మొదలెట్టు."

బుజ్జి లేచి నిలబడింది. మేస్త్రి వైపు చెయ్యి చూపించి, నేర్చుకున్న మాటల్ని పేర్చుకుంటూ, ఆ భాషలో గట్టిగా ఏదో అంది.

"భేష్!" అన్నాడు తాతయ్య. "'ఈయన మా నాన్న.' పలకడం కూడా సరిగ్గా కుదిరింది."

"అలా అనకూడదు." పెద్దవాడి గొంతు. వాడు కిటికీ దగ్గర బూట్లకు తాళ్ళు ఎక్కించుకుంటున్నాడు. తలెత్తకుండానే అన్నాడు, "నాయనమ్మ దగ్గర నాన్న అనకూడదు. మావయ్య అనాలి."

"ఎందుకురా?" అని నవ్వబోయాడు మేస్త్రి.

"అమ్మ నాయనమ్మకి అలాగే చెప్పింది కాబట్టి."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఓడ తాతయ్య గ్లాసు కింద పెట్టి, ఇవాళ్టికి ఇది చాలు, మోకాళ్ళు లాగుతున్నాయంటూ చేతికర్ర అందుకున్నాడు. టీ సగం కూడా తాగలేదు.

పిల్లల్ని వీధిలోకి ఆడుకోవడానికి పంపేసి, మేస్త్రి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె స్టౌ కట్టేసి, గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

పెళ్ళైన కొత్తలో ఒకరోజు నాయనమ్మ కాల్ మాట్లాడుతుంటే పక్క గదిలోంచి మేస్త్రి దగ్గాడట. ఎవరు ఆ మగమనిషి అని ఆవిడ అడిగిందట. "నోటికి ఏదొస్తే అదే అనేశానండీ. మా అన్నయ్య, అన్నయ్య దగ్గరే ఉంటున్నాం అన్నాను. తర్వాత నిజం చెబుదామనే అనుకున్నా. కానీ ఆవిడ ఎంత సంబరపడిపోయిందో మీకు తెలీదు. నా మనవలకి ఒక నీడ దొరికిందని ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక నోరు పెగల్లేదు."

"నాలుగేళ్ళు," అన్నాడు మేస్త్రి. "నాలుగేళ్ళూ పెగల్లేదా?"

"వాళ్ళలో భర్త పోయినావిడ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పిల్లలు తండ్రి ఇంట్లోనే పెరగాలట. ఆయన పోయినప్పుడు వచ్చిన చుట్టాల్లో ఒకావిడ నాకు చెవిలో చెప్పింది. అది నిజమో కాదో నాకు తెలీదు. తెలుసుకోవాలంటే అడగాలి. అడిగితే అనుమానం వస్తుంది."

"మరి నేను తీసుకెళ్దాం అన్నప్పుడు ఏం చేద్దామనుకున్నావు?"

ఆమె ఆర్పేసిన స్టౌను గుడ్డతో తుడవసాగింది. అతనికి అర్థమైంది.

"అంటే, నేనక్కడికి నీ అన్నయ్యలా రావాలి. నువ్వు నా చెల్లెలివి. అంతేనా?"

"అలా అనకండి," అని చెవులు మూసుకుంది.

మేస్త్రి షాపుకు వెళ్ళిపోయాడు. ఆదివారం షాపు మూత. తాళం తీసి, షెడ్డులో లైటు వేసుకుని, రేపటికి ఇవ్వాల్సిన మూడు సీట్ల సోఫా ముందు కూర్చున్నాడు. కోపం వస్తే బాగుండునని చూశాడు, అది కూడా సరిగ్గా రాలేదు. తలకొట్టేసినట్టుంది. ఇన్నాళ్ళూ ఫోను మోగినప్పుడల్లా తను వీధిలో పచార్లు చేస్తుంటే, లోపల తను ఆమెకు అన్న అయిపోయాడన్నమాట. ఆ సాయంత్రం బిగించిన గుడ్డ మొత్తం ఎదురుతిరిగి ఉందని, పువ్వులన్నీ తలకిందులుగా ఉన్నాయని మర్నాడు పనివాడు చూసి చెబితే గానీ తెలియలేదు. మేకులన్నీ పీకి మళ్ళీ మొదట్నుంచీ కొట్టారు.

రెండు రోజులు ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు. మూడో రోజు పెద్దవాడు షాపుకు వచ్చాడు. ఎప్పుడూ రానివాడు, స్కూలు బ్యాగుతోనే వచ్చి, స్పంజి ముక్కల కుప్ప మీద కూర్చున్నాడు. 

"టికెట్లు వాపసు ఇచ్చేస్తారా?" అన్నాడు వాడు.

"ఏమో రా. నీకు వెళ్ళాలని ఉందా?"

"నాన్న గది అలాగే ఉంచారట. ఆయన చిన్నప్పుడు చేసిన చెక్క పడవ కూడా ఉందట. నాయనమ్మ ఫోనులో చూపిస్తుంది గానీ సరిగ్గా కనబడదు." వాడు ఒక స్పంజి ముక్కను గిల్లుతూ ఉన్నాడు. "నాకు మొదట్నుంచీ తెలుసు, అమ్మ అన్నయ్య అని చెప్పిందని. అందుకే నేను..." అని ఆగిపోయాడు.

"అందుకే?"

"మిమ్మల్ని ఒకలా పిలిస్తే నాయనమ్మకి తప్పు. ఇంకోలా పిలిస్తే మీకు తప్పు. అందుకని పిలవలేదు."

మేస్త్రి చేతిలోని సుత్తి కింద పెట్టాడు. వాడు తండ్రిని మరిచిపోలేకే దూరంగా ఉన్నాడనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఏడేళ్ళ వయసు నుంచీ ఆ పసివాడు పెద్దల అబద్ధాన్ని నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఉమ్మడానికీ లేదు, మింగడానికీ లేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భార్యతో అన్నాడు, "సరే. నెలరోజులే కదా. అన్నయ్యలాగే వస్తాను. పిల్లలు వాళ్ళ నాయనమ్మని చూడాలి. మిగతాది వచ్చాక చూసుకుందాం."

ఆమె అతని చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. అతనికి ఆ చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది, లాక్కోలేదు.

అలా కొత్త పాఠం మొదలైంది. నాన్నను మావయ్య అని పిలవడం ఒక ఆట అని బుజ్జికి చెప్పారు. దానికి భలే నచ్చింది. మావయ్యా టీ తాగు, మావయ్యా నా జడ ఊడిపోయింది, అంటూ ఇల్లంతా తిరిగింది. మర్చిపోయి నాన్నా అంటే తనే చెంపలేసుకునేది. భార్యాభర్తలకే ఆ ఆట చేతకాలేదు. ఒకసారి మేస్త్రి నవ్వించాలని, "చెల్లెమ్మా, కాస్త ఉప్పు ఇటు అందుకుంటావా?" అన్నాడు. ఆమె ఉప్పు గిన్నె అక్కడ పెట్టి, కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు ఏమనీ పిలుచుకోవడం మానేశారు. రాత్రి పడుకున్నప్పుడు కూడా మధ్యలో బుజ్జి మాత్రమే కాదు, ఇంకేదో ఉన్నట్టుండేది.

ప్రయాణానికి ముందు అందరూ టీకాలు వేయించుకోవాలన్నారు. ఆస్పత్రిలో టీకాల గది చిన్నది. ఒక బల్ల, ఒక స్టూలు, గోడకు రంగు బొమ్మలు. పెద్దవాడు పంటి బిగువున వేయించుకుని బయటికొచ్చాడు. బుజ్జికి సూది కనబడగానే మొహం పాలిపోయింది. మేస్త్రి దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తనే ముందు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నర్సు చెయ్యి పట్టుకోగానే అది రెండు చేతులా అతని మెడ కావలించుకుని కెవ్వుమంది.

"మావయ్యా! మావయ్యా, వద్దని చెప్పు!"

నర్సు చప్పున సూది గుచ్చి తీసేసి, దూది అద్దుతూ అంది, "అయిపోయిందమ్మా, అయిపోయింది. మావయ్య ఉన్నాడుగా. నాన్నగారు రాలేదా మీతో?"

"నేనే నాన్నని," అన్నాడు మేస్త్రి.

బుజ్జి ఏడుపు ఠక్కున ఆపేసింది. తల్లి వైపు చూసింది, అతని వైపు చూసింది. తడి చేత్తో అతని నోరు మూసి, చెవిలో గుసగుసగా, "నాన్నా, అలా చెప్పకూడదు. నాయనమ్మకి తెలిసిపోతుంది," అంది. అది భయపడిపోయింది. సూదికి భయపడిన దానికంటే ఎక్కువగా.

తలుపు దగ్గర నిలబడిన భార్య గోడకు ఆనుకుంది. రోజూ వందమందికి సూదులు గుచ్చే మనిషి, చూడలేనట్టు కళ్ళు మూసుకుంది.

ఇంటికొచ్చి బట్టలైనా మార్చుకోకుండా ఫోను తీసింది. "మీరు వెళ్ళకండి, ఇక్కడే ఉండండి," అంది మేస్త్రితో. అతను ఉన్నాడు, ఫోనుకు కనబడని చోట, బీరువా పక్కన. ఆమె ఆ భాషలో మాట్లాడుతుంటే అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతును బట్టి పోల్చుకున్నాడు. మొదట మెల్లగా, తర్వాత గబగబా, తర్వాత ఏడుస్తూ. అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు. చాలాసేపటికి ఒక చిన్న మాట వినబడింది. కాల్ ఆగిపోయింది.

"ఏమంది?"

"'అలాగా' అంది," అంటూ ఆమె ఫోను వైపే చూస్తూ కూర్చుంది.

ఆ వారం ఫోను రాలేదు. పై వారమూ రాలేదు. ఇటునుంచి చేస్తే ఎత్తలేదు. పెద్దవాడు తల్లితో మాట్లాడటం మానేశాడు. ఒకరోజు కంచం ముందు కూర్చుని, "నాలుగేళ్ళు ఆగినదానివి, మేం వెళ్ళొచ్చేదాకా ఆగలేకపోయావా?" అన్నాడు.  మేస్త్రి వాణ్ణి కసరబోయి ఊరుకున్నాడు. వాడన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు. సర్దడం మొదలెట్టిన పెట్టెలు నోళ్ళు తెరుచుకుని గోడ వార అలాగే పడి ఉన్నాయి. బుజ్జి వాటిల్లో బొమ్మల్ని పడుకోబెట్టి ఆడుకునేది. టికెట్లు రద్దు చేద్దామా అని రోజూ అనుకోవడం, ఇంకొక్క రోజు చూద్దాం అనుకోవడం.

ఓ మధ్యాహ్నం, అందరూ ఇంట్లో ఉండగా, ఫోను మోగింది. పెద్దవాడు పరుగున వెళ్ళి ఎత్తాడు. ఏదో విన్నాడు. తల్లికి ఇవ్వలేదు. మేస్త్రి దగ్గరికి తెచ్చాడు.

"మిమ్మల్ని చూపించమంటోంది."

మేస్త్రి బనీనుతో ఉన్నాడు. చొక్కా వేసుకుంటానంటే వాడు వద్దన్నాడు. ఫోనులో ఒక ముసలావిడ మొహం, ముడతలు పడ్డ నుదురు, తెల్లబారిన కళ్ళు. దగ్గరగా పెట్టమని సైగ చేసింది. అతను దగ్గరగా పెట్టుకున్నాడు. అంత దగ్గరగా తన మొహం ఎవరూ చూసినట్టు గుర్తులేదు. నేర్చుకున్న 'బాగున్నారా' అనాలనుకుని, ఉడికారా అని వస్తుందేమోనని భయపడి మానేశాడు. చేతులు జోడించాడు.

ఆవిడ మాట్లాడింది. పెద్దవాడు మధ్యలో నిలబడి, ఆవిడ మాటలు ఇటూ ఇతని మాటలు అటూ మోశాడు.

"వారం వారం నీ కోసం దేవుణ్ణి అడిగాను అంటోంది. నా మనవలకి కూడు పెడుతున్న ఆ అన్నగారు చల్లగా ఉండాలని. ఆ అన్నగారే లేడట కదా. మరి నేను అడిగిందంతా ఎవరికి చేరింది అంటోంది."

మేస్త్రి ఫోను ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "నాకే చేరిందమ్మా అని చెప్పు."

వాడు చెప్పాడు.  ఆవిడ మనవణ్ణి ఏదో అడిగింది. వాడు మేస్త్రి వైపు ఒకసారి చూసి ఒకే ఒక్క మాటతో జవాబిచ్చాడు.

"ఏమడిగింది?"

"మీరు నాకేమవుతారని."

"నువ్వేం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను," అన్నాడు వాడు మొహం తిప్పుకుని.

ఆవిడ మళ్ళీ మాట్లాడింది, ఈసారి చాలాసేపు. వాడు చెప్పేలోపే భార్య రెండు చేతులతో మొహం కప్పుకుంది. భాష తెలిసినందుకు ఆమెకు ఆ మాటలు రెండుసార్లు వినాల్సి వచ్చింది.

"పిల్లల్ని పంపమంటోంది. మిమ్మల్ని తీసుకురమ్మంటోంది." వాడు తల్లి వైపు చూడకుండా అన్నాడు. "అమ్మని వద్దంటోంది. పెళ్ళి చేసుకున్నందుకు కాదట. నా కూతురు అనుకున్నాను, కూతురు తల్లికి ఇన్నేళ్ళు అబద్ధం చెబుతుందా అంటోంది. ఇప్పుడు ఆమె మొహం చూడలేనట. నువ్వు నాకు ఏ అబద్ధమూ చెప్పలేదు, నువ్వు తీసుకురా అంటోంది."

"మీ అమ్మ లేకుండా ఎలా రా?" అన్నాడు మేస్త్రి. వాడు అది అటు చెప్పాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అంతే.

ఆ సాయంత్రం పిల్లలు మేడ మీద ఉండగా ఇద్దరూ తెరిచిన పెట్టెల మధ్య కూర్చున్నారు.

"వెళ్ళండి," అంది ఆమె. "ఆవిడ కళ్ళు పోయాక నేను చేసేదేముంది? ఆ పాపం కూడా నాకెందుకు?"

"నీకు భయంగా లేదూ?"

"భయంగానే ఉంది. పిల్లల్ని వాళ్ళే ఉంచేసుకుంటే?"

"నేను ఊరుకుంటానా?"

"మీకు భాషే రాదు కదండీ. వాళ్ళు మీ ముందే ఏం అనుకుంటున్నారో కూడా తెలీదు."

"వాడికి వచ్చుగా."

"వాడే ఉండిపోతానంటే?" అంది ఆమె.

 పడవ గురించి చెప్పినప్పుడు స్పంజి కుప్ప మీద కూర్చున్న ఆ పిల్లవాడి మొహం మేస్త్రి కళ్ళ ముందు మెదిలింది. అలా అనడులే అని నచ్చజెప్పబోయాడు. ఆ ఇంట్లో అబద్ధాలు ఇప్పటికే ఎక్కువయ్యాయనిపించి నోరు మూసుకున్నాడు.

"వాడు అలా అంటే నీకు ఫోన్ చేస్తాను," అన్నాడు చివరికి. "దాచను. ఏది జరిగితే అది చెబుతాను."

ఆమె తలూపి, పొడుగు గౌన్లు ఒక్కొక్కటే మడతపెట్టడం మొదలెట్టింది. మడతపెడుతూనే, బుజ్జికి చెవి పోటొస్తే ఏ మందు వెయ్యాలో, పెద్దవాడికి ఏవి పడవో చెబుతూ పోయింది. అన్నీ అతనికి తెలిసినవే. అయినా మొదటిసారి వింటున్నట్టు విన్నాడు. మాటల మధ్యలో ఆమె "ఏవండీ" అంది. ఎన్ని రోజులకో విన్న పిలుపు. ఇద్దరూ దాన్ని గమనించనట్టే ఊరుకున్నారు. పోనీలే అని అతను ఆమె చేతిలోంచి ఒక గౌను తీసుకుని రెండో కొస పట్టుకున్నాడు. అతని లోపల ఇంకా కోపం ఉంది. అది తగ్గకుండానే జాలి కూడా వస్తోంది. రెండూ ఒకదాన్నొకటి అడ్డుకోలేదు.

విమానాశ్రయంలో పొద్దున్నే జనం కిటకిటలాడుతున్నారు. టికెట్టు లేనివాళ్ళు ఆగిపోవాల్సిన ఇనుప కడ్డీల దగ్గర ఆమె ఆగింది. బుజ్జికి ముద్దు పెట్టింది. అది విమానం కిటికీ ఎవరిదన్న గొడవలో ఉండి సరిగ్గా పట్టించుకోలేదు. పెద్దవాడు ఎడంగా నిలబడ్డాడు. వారాల తరబడి తల్లితో మాట్లాడనివాడు, ఉన్నట్టుండి వచ్చి ఆమె నడుం చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకున్నాడు. వదల్లేదు. వెనకవాళ్ళు జరగమంటున్నా వదల్లేదు. ఆ కావలింతకు ఆమె మొహంలో నెమ్మది కనబడాల్సింది. దానికి బదులు రక్తం ఇంకిపోయింది. నెలరోజులకు వెళ్ళేవాడు ఇంత గట్టిగా పట్టుకుంటాడా అని ఆమె కళ్ళు మేస్త్రిని అడిగాయి.

"పద నాన్నా, ఆలస్యమవుతుంది," అంటూ అతనే వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

లోపలికి వెళ్ళాక గాజు తలుపుల్లోంచి వెనక్కి చూశాడు. ఆమె కడ్డీ పట్టుకుని అక్కడే ఉంది. ఏడవడం లేదు. అతను చూస్తున్నాడని తెలిసి ఏదో అంది. గాజు అవతల పెదవులు కదలడం తప్ప ఏమీ వినబడలేదు. జాగ్రత్త అందో, తిరిగి తీసుకురండి అందో, క్షమించండి అందో. విన్నట్టే తల ఊపాడు.

"లైను కదులుతోంది," అన్నాడు పెద్దవాడు. మేస్త్రి ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో బుజ్జి చెయ్యి పట్టుకుని ముందుకు నడిచాడు. పెద్దవాడు పాస్‌పోర్టులు మూడూ తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు. ఇద్దామా వద్దా అని మేస్త్రి ఒక్క క్షణం ఆలోచించి, ఇచ్చాడు.